ముందు డ్యూటీ చార్టు, ఆ తర్వాతే జాబుల వరుస

ఆఫ్‌సెట్ ప్రెస్సు ఆఫీసు గది గోడ మీద సాధారణంగా రెండు కాగితాలు ఉంటాయి. ఒకటి జాబ్ బోర్డు, అంటే చేతికొచ్చిన అచ్చు పనుల పట్టీ. ఏ పని ఏ మెషిన్ మీద, ఏ వరుసలో ఎక్కాలి, డెలివరీ ఎప్పుడు అన్నది అందులో ఉంటుంది. రెండోది డ్యూటీ చార్టు. ఎవరు ఏ షిఫ్టు, ఎవరికి ఏ రోజు వీక్లీ ఆఫ్ అన్నది ఇందులో. మొదటిది ప్రొడక్షన్ చూసే మనిషి రాస్తాడు, రెండోది సూపర్‌వైజరో అకౌంట్స్‌లో కూర్చునేవారో రాస్తారు. జాబ్ బోర్డు రోజుకు నాలుగుసార్లు మారుతుంది, డ్యూటీ చార్టు దాని వెనక పరుగెడుతుంది. "ముందు జాబ్ ఎక్కించండి, మనుషుల సంగతి తర్వాత చూద్దాం" అనే మాట ఎంత మామూలుగా వినిపిస్తుందంటే, అదొక నిర్ణయమని కూడా ఎవరికీ తోచదు.

ఎంబీఏ ఆపరేషన్స్ పాఠాల్లోనూ ఇదే విడదీత. జాబ్ సీక్వెన్సింగ్ ఒకచోట, సిబ్బంది షెడ్యూలింగ్ ఇంకోచోట. మొదటిదాంట్లో మెషిన్లు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి, నడిపే మనిషి ప్రస్తావనే రాదు. రెండోదాంట్లో గంటకు ఇంతమంది కావాలన్న అంకె ముందే చేతికొస్తుంది. ఆ అంకె ఏ జాబుల వరుస నుంచి పుట్టిందో ఎవరూ అడగరు.

నా వాదన ఈ అలవాటుకు ఎదురు. ప్రెస్సులాంటి చోట, అంటే పనులు రకరకాలుగా వస్తూ, నైపుణ్యం ఉన్న మనుషులు కొద్దిమందే ఉండే చోట, డ్యూటీ చార్టును రెండు వారాల ముందే రాసి కదలకుండా ఉంచాలి. జాబుల వరుసను ఆ చార్టులోకి సర్దాలి. దీని మీద వచ్చే అభ్యంతరాల్లో కొన్ని బలమైనవే, వాటి దగ్గరకూ వస్తాను.

1954లో రెండు దారులు

ఈ విడదీతకు ఒక చరిత్ర ఉంది. రెండు మెషిన్ల మీద ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్లే పనులను ఏ వరుసలో నడిపితే మొత్తం త్వరగా ముగుస్తుందో చెప్పే జాన్సన్ సూత్రం 1954లో అచ్చయింది. అదే ఏడాది న్యూయార్క్ పోర్ట్ అథారిటీలో పనిచేసిన లెస్లీ ఈడీ, టోల్ బూత్‌ల దగ్గర వాహనాల రద్దీ మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. ఏ సమయంలో ఎన్ని బూత్‌లు తెరవాలి, అందుకు సిబ్బందిని ఎలా సర్దాలి అన్నది అక్కడి ప్రశ్న. కొద్ది నెలల్లోనే గణితవేత్త జార్జ్ డాంట్‌జిగ్ దానికి జవాబుగా చిన్న వ్యాఖ్య రాస్తూ, ఆ సిబ్బంది సమస్యను లీనియర్ ప్రోగ్రామింగ్‌లోకి, అంటే ఇచ్చిన హద్దుల మధ్య అన్నింటికన్నా మంచి సర్దుబాటును వెతికే గణిత పద్ధతిలోకి తెచ్చాడు. పనుల వరుస, మనుషుల పట్టీ రెండూ ఒకే ఏడాది గణితంలోకి వచ్చాయి. వచ్చింది మాత్రం వేరువేరు గుమ్మాల నుంచి.

టోల్ బూత్ దగ్గర ఆ విడదీత సరిపోతుంది. ఏ వాహనం ముందు వెళ్లాలో బూత్‌లో కూర్చున్నవాడు నిర్ణయించడు. ప్రెస్సులో అలా కాదు. ఏ జాబ్ ముందు ఎక్కిందన్న దాన్నిబట్టి సాయంత్రం నాలుగింటికి బైండింగ్‌లో ముగ్గురు కావాలా తొమ్మిదిమంది కావాలా అన్నది మారిపోతుంది. ఇక్కడ రెండూ ఒకే లెక్క.

ఐదు జాబుల లెక్క

ఒక నాలుగు రంగుల మెషిన్, ఒక బైండింగ్ విభాగం ఉన్నాయనుకుందాం. చేతిలో ఐదు పనులు. ప్రింటింగ్ గంటలు, బైండింగ్ గంటలు ఇవి: శుభలేఖలు 1, 3. సావనీర్ 4, 5. స్కూల్ డైరీ 6, 8. కరపత్రాలు 3, 2. పోస్టర్లు 5, 1. పోస్టర్లకు బైండింగ్ అంటే కటింగ్, ప్యాకింగ్ మాత్రమే. ఇంకు ఆరే సమయాన్ని ప్రస్తుతానికి పక్కన పెడదాం.

ఆర్డర్లు వచ్చిన వరుస పోస్టర్లు, డైరీ, కరపత్రాలు, సావనీర్, శుభలేఖలు అయితే, రెండు విభాగాలూ ఆగకుండా నడుస్తాయనుకున్నా చివరి జాబ్ బైండింగ్ నుంచి బయటికొచ్చేది 29వ గంటకు. జాన్సన్ సూత్రం ప్రకారం శుభలేఖలు, సావనీర్, డైరీ, కరపత్రాలు, పోస్టర్లు అని పెడితే 22వ గంటకే అన్నీ అయిపోతాయి. పైసా ఖర్చు లేకుండా ఏడు గంటలు మిగిలాయి. పాఠం ఇక్కడితో ఆగుతుంది.

ఇప్పుడు గోడ మీది రెండో కాగితాన్ని లెక్కలోకి తెద్దాం. మెషిన్ ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా రెండు షిఫ్టులు. బైండింగ్ 9 నుంచి 6 దాకా ఒకే షిఫ్టు, మధ్యలో 1 నుంచి 2 భోజనం. చాలా ప్రెస్సుల్లో ఉండేది ఇలాంటి ఏర్పాటే. ఈ చార్టుతో ఆర్డర్ వచ్చిన వరుసలో నడిపితే అన్నీ ముగిసేది నాలుగో రోజు ఉదయం 10కి. జాన్సన్ వరుసలో మూడో రోజు మధ్యాహ్నం 12కి. వరుస మార్చడం వల్ల లాభం ఉంది, కాదనను. అయితే 22 గంటల్లో ముగియవలసిన పని మూడో రోజు దాకా ఎందుకు సాగింది? మొదటి రోజు సాయంత్రం 5కి డైరీ ఫారాలన్నీ, అంటే అచ్చయి మడతకు వెళ్లాల్సిన పెద్ద షీట్లన్నీ మెషిన్ దిగిపోయాయి. 6కి బైండింగ్ గదికి తాళం పడింది. ఆ ఫారాలు మర్నాడు 9 దాకా కట్టల్లోనే ఉన్నాయి.

జాన్సన్ వరుసను అలాగే ఉంచి, మొదటి రోజు సాయంత్రం 6 నుంచి 10 దాకా బైండింగ్ నడిచేలా చార్టు మారిస్తే డైరీ రెండో రోజు ఒంటిగంటకు పూర్తవుతుంది. కరపత్రాలు 4కి, పోస్టర్లు 5కి. మూడో రోజు మధ్యాహ్నం నుంచి రెండో రోజు సాయంత్రానికి వచ్చేశాం. దీనికి బైండింగ్‌లో అందరూ ఉండనక్కర్లేదు. మడత, కుట్టు లాంటి మెషిన్ పనులకు ఒక ఆపరేటర్, ఇద్దరు హెల్పర్లు చాలు. ఎక్కువ చేతులు కావలసింది ఫారాలు వరుసలో పేర్చే దగ్గరే.

ఆ ముగ్గురు ఎవరన్నదే అసలు ప్రశ్న. ఉదయం 9కి వచ్చినవాళ్లనే రాత్రి 10 దాకా ఆపితే పన్నెండు గంటల పని అవుతుంది. వారానికి 48 గంటల హద్దు, అది దాటితే రెట్టింపు వేతనం 1948 ఫ్యాక్టరీల చట్టం నాటి నుంచీ ఉన్నవే. చట్టం మాట పక్కన పెట్టినా, పదకొండో గంటలో మడత వంకర పోతుంది, కత్తి కింద చెయ్యి పడుతుంది. కాబట్టి ఆ ముగ్గురూ ఆరోజు మధ్యాహ్నం 1కి డ్యూటీకి వచ్చినవాళ్లయి ఉండాలి. ఫలానా రోజు మధ్యాహ్నం డ్యూటీ అని మనిషికి ఉదయం పదింటికి ఫోన్ చేసి చెబితే కుదరదు. పిల్లల్ని స్కూలు నుంచి తెచ్చేదెవరో, రాత్రి ఇంటికి చేరేదెలాగో వాళ్లు ముందే చూసుకోవాలి. జాబుల వరుసను గంటలో మార్చగలం. మనిషి రోజును గంటలో మార్చలేం. తొందరగా కదలనిదాన్ని ముందు పెట్టి, సులువుగా కదిలేదాన్ని దాని చుట్టూ సర్దాలన్నదే నేను చెప్పేది.

ఇరుకు మెషిన్ దగ్గర కాదు, కటింగ్ దగ్గర

ప్రెస్సులో ఎక్కువ డబ్బు పెట్టింది నాలుగు రంగుల మెషిన్ మీద కాబట్టి, అది ఆగకూడదన్న ఆత్రంతో ప్లాన్ అంతా దాని చుట్టూనే తిరుగుతుంది. పని నిజంగా చిక్కుపడేది కటింగ్ మెషిన్ దగ్గర, చాలాచోట్ల. ప్రింటింగ్‌కు ముందు పెద్ద షీట్లను సైజుకు కోయాలి. బైండింగ్ అయ్యాక పుస్తకాన్ని మూడు వైపులా ట్రిమ్ చేయాలి. ప్రతి జాబ్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఈ కత్తి కిందికి వస్తుంది. దాన్ని నమ్మకంగా నడిపే మనిషి ఒక్కడే ఉంటాడు. జాన్సన్ సూత్రంలో ఈ మనిషి లేడు. అది రెండు మెషిన్ల మీదుగా ఒకే దిశలో సాగే పనికి రాసింది, మొదటికీ చివరికీ ఒకే చెయ్యి కావలసిన పనికి కాదు.

మెషిన్ ఉదయం 6కి మొదలై, కటింగ్ మాస్టర్ 9కి వస్తే ఆ మూడు గంటలకు సరిపడా కాగితం ముందురోజు సాయంత్రమే కోసి ఉండాలి. అంటే ముందురోజు చివరి గంటన్నర అతని సమయం రేపటి మొదటి జాబ్‌కు కేటాయించాలి. ఆ గంటన్నరే సాయంత్రం డెలివరీ పుస్తకాల ట్రిమ్మింగ్‌కూ కావాలి. రెండూ ఢీకొంటే గెలిచేది డెలివరీయే, ఎందుకంటే కస్టమర్ ఆటో బయట నిలబడి ఉంటుంది. మర్నాడు ఉదయం మెషిన్ మూడు గంటలు ఖాళీ. ఆ ఖాళీకి కారణం రాయమంటే "పేపర్ రెడీ లేదు" అని రాస్తారు. కోసే మనిషి వేళ, మెషిన్ వేళ కలవలేదన్న సంగతి ఏ రిపోర్టులోనూ ఉండదు.

ముందురోజే కోసి పెట్టుకోవడానికి ఇంకో ఇబ్బంది వానాకాలంలో వస్తుంది. కోస్తా ఊళ్ల గాలి తేమకు విప్పి ఉంచిన కాగితం అంచులు అలలు తిరుగుతాయి. కాగితాన్ని మెషిన్‌లోకి అందించే ఫీడర్ దగ్గర రెండేసి షీట్లు లాగుతుంది, రంగుల రిజిస్టర్ (ఒక రంగు మీద ఇంకోటి కచ్చితంగా కూర్చోవడం) తప్పుతుంది. కోసిన కట్టను పాలిథిన్‌తో చుట్టి మెషిన్ గదిలోనే ఉంచితే చాలావరకు ఆగుతుంది. కటింగ్ మాస్టర్ షిఫ్టును ఉదయం 7కి జరిపితే ఆ సమస్యే సగం పోతుంది. కాగితం సమస్యకు మందు డ్యూటీ చార్టులో దొరకడం వింతగా తోచవచ్చు, కానీ ఇలాంటివి వెతికితే ప్రతి విభాగంలోనూ ఉన్నాయి. పుస్తకం వీపును జిగురుతో అట్టకు అతికించే పర్ఫెక్ట్ బైండింగ్ మెషిన్‌లో, హాట్‌మెల్ట్ జిగురు 160 నుంచి 180 డిగ్రీల వేడికి రావాలి, దానికి అరగంట పైనే పడుతుంది. బైండింగ్‌లో అందరూ 9కి వస్తే మొదటి పుస్తకం అతికేది తొమ్మిదిన్నర దాటాకే. ఒక్క మనిషి 8:30కి వచ్చేలా రాస్తే ఆ అరగంట నష్టం ఉండదు.

ఐదో వంతు మనిషి

సిబ్బంది లెక్కలో అందరూ చేసే తప్పు ఒకటుంది. రెండు షిఫ్టుల మెషిన్‌కు ఇద్దరు ఆపరేటర్లు చాలని అనుకోవడం. వారానికి ఆరు రోజులు, రోజుకు రెండు షిఫ్టులు, మొత్తం 12. ఒక్కొక్కరు ఆరు చేస్తారు కాబట్టి ఇద్దరు. వారం లెక్క సరిపోయింది. సంవత్సరం లెక్క చూడండి. 365లో 52 వీక్లీ ఆఫ్‌లు తీసేస్తే మెషిన్ నడిచేది 313 రోజులు, అంటే 626 షిఫ్టులు. పండగలు, సెలవులు, జ్వరాలు, ఊరి పనులు కలిపి మనిషికి 30 రోజులు వేసుకుంటే అతను నిజంగా పనికి వచ్చేది 283 రోజులు. 626ను 283తో భాగిస్తే 2.21.

ఆ 0.21 దగ్గరే అన్ని గొడవలూ. ఐదో వంతు ఆపరేటర్‌ను ఎవరూ ఉద్యోగంలో పెట్టుకోలేరు. కాబట్టి ఆ లోటును ఇద్దరిలో ఒకరి చేత డబుల్ డ్యూటీ చేయించి పూడుస్తారు. మూడు షిఫ్టులు, ఏడు రోజులు నడిచే చోట ఒక్క సీటుకు ఏడాదికి 1095 షిఫ్టులు. 283తో భాగిస్తే 3.87. నలుగురు కావాలి, చాలాచోట్ల ముగ్గురే ఉంటారు. మిగిలినది ఓటీగా (ఓవర్‌టైమ్) రెట్టింపు వేతనం మీద కొనుక్కుంటున్నామన్న స్పృహ యజమానికి నెలాఖరు జీతాల పట్టీ చూసేదాకా రాదు.

ఆ 0.21కి సరైన జవాబు రెండు రంగుల మెషిన్ ఆపరేటర్‌కో, సీనియర్ హెల్పర్‌కో నాలుగు రంగుల మెషిన్ నేర్పించడం. నేర్పాలంటే అతన్ని వారంలో ఒక షిఫ్టు ఆ మెషిన్ పక్కన నిలబెట్టాలి. ఆ షిఫ్టు చార్టులో ముందే రాసి ఉంటేనే జరుగుతుంది. జాబుల వెనక పరుగెత్తే చార్టులో నేర్చుకునే షిఫ్టుకు ఎప్పుడూ చోటు దొరకదు.

ఏ పని ఎవరికి వచ్చన్న పట్టికను కాగితం మీద గీయడం పది నిమిషాల పని. పేర్లు నిలువుగా, పనులు అడ్డంగా. ఒక్కడే పని చేయగలిగితే 1, ఎవరైనా పక్కన ఉంటే చేయగలిగితే సగం. ఏ నిలువు వరుసలో మొత్తం ఒకటి దగ్గర ఆగిపోయిందో ఆ పని, ఆ మనిషి వీక్లీ ఆఫ్ రోజున ప్రెస్సులో జరగదు. అట్టను పెట్టె ఆకారానికి కోసే డై పంచింగ్‌కు ఒక్కడే ఉండి, అతని ఆఫ్ గురువారమైతే, శుక్రవారం డెలివరీ అని రాసిన అట్టపెట్టెల జాబ్ మొదటి నుంచీ ఆలస్యమయ్యే జాబే. బోర్డు మీద చూస్తే మాత్రం అది సరిగ్గానే ఉంటుంది.

ఇంకు, కాగితం చెప్పే వరుస

వరుసకు విలువ లేదని నేను అనడం లేదు. చార్టు రాశాక దానిలోపల జాబులను పేర్చడం చాలా తెలివి కావలసిన పని. మెషిన్ దగ్గర ఒక జాబ్ నుంచి ఇంకో జాబ్‌కు మారే సమయం అన్నింటికీ ఒకేలా ఉండదు. నాలుగు ప్లేట్లు మార్చి, రిజిస్టర్ కుదిర్చి, రంగు పట్టించేసరికి కాస్త పాత మెషిన్ మీద నలభై నిమిషాలు పడుతుంది. నూరు నుంచి రెండు వందల షీట్లు వృథా పోతాయి. స్పెషల్ కలర్ ఉంటే ముదురు నీలం తర్వాత లేత పసుపు ఎక్కించడానికి రోలర్లను రెండు మూడుసార్లు కడగాలి. పసుపు తర్వాత నీలమైతే ఒక్కసారి చాలు. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల బరువు) మ్యాప్‌లిథో, అంటే మెరుపు పూత లేని మామూలు కాగితం నుంచి 300 జీఎస్ఎం బోర్డుకు దూకితే ఫీడర్ గాలి, ప్రెజర్, షీటు పక్క అంచును సరిచేసే సైడ్ లే అన్నీ మళ్లీ సర్దాలి. అదే 70, 100, 130, 300 అని మెట్లు ఎక్కినట్టు వెళ్తే ఒక్కో మార్పూ చిన్నదవుతుంది. లేత నుంచి ముదురుకు, పల్చన నుంచి మందానికి అనే రెండు మాటలతో రోజుకు గంట సమయం తేలిగ్గా మిగులుతుంది.

ఈ గుంపు కట్టడాన్ని మరీ సాగదీస్తే డెలివరీ తేదీలు దెబ్బతింటాయి. వారం రోజుల బోర్డు జాబులన్నీ ఒకే రోజు కొడదామని ఆపితే మొదట వచ్చినవాడికి ఆరు రోజులు ఆలస్యం. రెండు రోజుల పరిధిలో కట్టగలిగిన గుంపులే కట్టాలి, దాన్ని దాటకూడదు.

ఇప్పుడు పక్కన పెట్టిన ఆరే సమయం సంగతి. సావనీర్ ఆర్ట్ పేపర్, అంటే పూత ఉన్న నున్నటి కాగితం మీద అయితే, పైన వేసిన జాన్సన్ వరుస అక్కడే తప్పుతుంది. ఆ వరుసలో సావనీర్ 11కి మెషిన్ దిగి 12కి బైండింగ్‌కు వెళ్తోంది. గంటలో ఆర్ట్ పేపర్ మీద ముదురు సాలిడ్ రంగు ఆరదు. మడతపెడితే ఎదుటి పేజీకి అంటుకుంటుంది, చేతివేళ్ల ముద్రలు పడతాయి. ఒక వైపు ఆరకుండా రెండో వైపు కొట్టడమూ కుదరదు.

అందుకని వరుస ఇలా మారుద్దాం. 6 నుంచి 7 శుభలేఖలు, 7 నుంచి 1 దాకా డైరీ, 1 నుంచి 3 సావనీర్ మొదటి వైపు, 3 నుంచి 6 కరపత్రాలు, 6 నుంచి 8 సావనీర్ రెండో వైపు, ఆ తర్వాత మర్నాడు 9 దాకా పోస్టర్లు. రెండో వైపుకు ఎలాగూ వేరే ప్లేట్లే కాబట్టి మధ్యలో కరపత్రాలు దూర్చినందువల్ల మేకరెడీల (కొత్త ప్లేట్లు ఎక్కించి మెషిన్‌ను సిద్ధం చేసే పని) సంఖ్య పెరగదు. మొదటి వైపుకు మూడు గంటల విరామం దొరికింది. బైండింగ్‌లో డైరీ మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా నడిచి అదే రోజు పూర్తవుతుంది. రాత్రి 8కి దిగిన సావనీర్ పదమూడు గంటలు ఆరి ఉదయం 9కి మడతకు వెళ్తుంది, 3కి ముగుస్తుంది. కరపత్రాలు 5కి, పోస్టర్లు 6కి. మొత్తం పని ముందు అనుకున్నదానికన్నా ఒక్క గంట ఆలస్యం. ఆ గంటకు బదులుగా సావనీర్ మరకలు పడకుండా బయటికొచ్చింది.

బైండింగ్ గది మూతపడే రాత్రి, ఇంకు ఆరడానికి కావలసిన రాత్రి ఒక్కటే. ఆర్ట్ పేపర్ పనులు సాయంత్రం వైపు, మ్యాప్‌లిథో పనులు ఉదయం వైపు పెడితే ఆ రాత్రి వృథా కాదు. బైండింగ్ ఏ వేళకు ఆగుతుందో చార్టు ముందే చెప్పి ఉంటే తప్ప ఈ వరుస ఎవరికీ తట్టదు. చార్టు ముందు, వరుస తర్వాత అన్నదానికి నా దగ్గరున్న అన్నింటికన్నా గట్టి ఉదాహరణ ఇదే.

అర్జెంటు పనుల మాట

"చార్టు కదలకూడదంటే అర్జెంటు ఆర్డర్ వదులుకోవాలా?" న్యాయమైన ప్రశ్న. ప్రెస్సు బతికేదే సగం అర్జెంటు పనుల మీద. సంస్మరణ సభ కరపత్రం రేపటికి కావాలంటే రేపటికే కావాలి.

కానీ నడుస్తున్న జాబ్‌ను ఆపి ఇంకోటి ఎక్కించడానికి అయ్యే ఖర్చు ఎవరూ బిల్లులో వేయరు. దింపిన జాబ్‌కు మళ్లీ నలభై నిమిషాల మేకరెడీ, మళ్లీ నూరు షీట్ల పైన వృథా, మొదటిసారి వచ్చిన రంగు రెండోసారి అచ్చం అలాగే రాదన్న భయం. అర్జెంటు పనిని ఒక జాబ్ ముగిసే చోట పెట్టాలి తప్ప మధ్యలో దూర్చకూడదు. దానికి చోటు ముందే వదలాలి.

ఎంత వదలాలి? ఎనిమిది గంటల షిఫ్టులో 480 నిమిషాలు. భోజనం 30, టీ 20, మొదట్లో మెషిన్ సిద్ధం చేయడానికి 15, చివర్లో కడగడానికి 20 పోతే మిగిలేది 395. అంటే 82 శాతం. దీనికి మించి నింపిన ప్లాన్ మొదటి రోజే అబద్ధమవుతుంది. ఆ 395లో మరో గంట ప్రతి రెండో షిఫ్టులో ఖాళీగా ఉంచితే అర్జెంటు పని అందులో కూర్చుంటుంది. ఏ అర్జెంటూ రాకపోతే రేపటి మొదటి జాబ్ ముందుకు జరుగుతుంది. క్యూల్లో ఎదురుచూపులను లెక్కగట్టే క్యూయింగ్ సిద్ధాంతంలో ఒక సాధారణ లెక్క ఉంది. ఆర్డర్లు ఎప్పుడొస్తాయో, ఒక్కోటి ఎంతసేపు పడుతుందో ముందే తెలియని చోట, మెషిన్‌ను 80 శాతం నింపితే వేచి ఉండే సమయం సగటు జాబ్ సమయానికి నాలుగు రెట్లు, 90 శాతం నింపితే తొమ్మిది రెట్లు, 95 శాతం నింపితే పంతొమ్మిది రెట్లు. మెషిన్ ఖాళీగా కనిపించకూడదని పూర్తిగా నింపేవారు తమ డెలివరీ తేదీలను తామే చెడగొట్టుకుంటున్నారు.

బస్సు డిపో చెప్పే అభ్యంతరం

నా వాదనకు గట్టి ఎదురుదెబ్బ ఆర్టీసీ నుంచి వస్తుంది. అక్కడ వరుస పూర్తిగా తిరగబడి ఉంటుంది. ముందు టైమ్‌టేబుల్, దాని నుంచి ఏ బస్సు ఏ ట్రిప్పులు తిరగాలన్నది, దాని నుంచి డ్రైవర్, కండక్టర్ల డ్యూటీలు, చివరికి ఆ డ్యూటీలు ఎవరికి ఏ రోజన్న రోస్టర్. మనుషులు ఆఖర్న వస్తారు. రైల్వేల్లోనూ అంతే. ఇంత పెద్ద వ్యవస్థలు దశాబ్దాలుగా అలా నడుస్తుంటే చార్టు ముందు అనే మాట ఎలా నిలుస్తుంది?

తేడా మాట ఇచ్చే తీరులో ఉంది. ఉదయం 5:30కి ఫలానా ఊరి బస్సు ఉంటుందని సంస్థ ప్రజలకు నెలల ముందే చెప్పేసింది. ఆ పని మళ్లీ మళ్లీ అలాగే వస్తుంది. ఒకసారి శ్రద్ధగా కట్టిన డ్యూటీని నెలల తరబడి వాడుకోవచ్చు. పైగా అక్కడ కూడా మనుషుల హద్దులు మొదటి నుంచీ లెక్కలో ఉంటాయి. 1961 మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కార్మికుల చట్టం పెట్టిన రోజుకు 8, వారానికి 48 గంటల హద్దును మరచిన టైమ్‌టేబుల్ కాగితం మీదే మిగులుతుంది. ప్రెస్సులో పని ప్రతి వారం కొత్తది, మనుషులు పాతవారే. కాబట్టి ఏది స్థిరంగా ఉందో దాన్ని ముందు రాయాలన్న సూత్రం రెండు చోట్లా ఒకటే, డిపోలో అది టైమ్‌టేబుల్, ప్రెస్సులో డ్యూటీ చార్టు. ఒకే రకం నోట్‌బుక్కులు ఏడాది పొడుగునా కొట్టే యూనిట్ అయితే అది ప్రెస్సుకన్నా డిపోకే దగ్గర. దానికి నా సలహా వర్తించదు.

ఇంకో అభ్యంతరం చిన్న ప్రెస్సుల నుంచి. ఆర్డర్లు ఎన్నొస్తాయో తెలియకుండా రెండు వారాల చార్టు ఎలా రాయడం? జాబ్ పేరు తెలియకపోవచ్చు, కానీ కాలం తెలుసు. ఏ నెలలో ముహూర్తాలు ఎక్కువో పంచాంగంలో ఉంది. శ్రావణం, మాఘం వస్తే శుభలేఖలు, ఆషాఢం వస్తే అవి తగ్గుముఖం. నవంబర్, డిసెంబర్‌లలో క్యాలెండర్లు, డైరీలు. ఉగాదికి ముందు పంచాంగాలు. బడులు తెరిచే జూన్‌కు ముందు పుస్తకాల రద్దీ. సంక్రాంతికి సగంమంది ఊళ్లకు వెళ్తారని ప్రతి ఏడూ తెలిసిందే, అయినా జనవరి 12న మనుషులు లేరని ప్రతి ఏడూ ఆశ్చర్యపోతారు. ఏ వారంలో రెండో షిఫ్టు బైండింగ్ కావాలో నిర్ణయించడానికి ఈ సమాచారం చాలు. ఏ జాబ్ అన్నది తర్వాత చేరుతుంది.

చార్టు రాసేటప్పుడు

ప్రతి గురువారం, వచ్చే వారం వదిలేసి ఆ తర్వాతి వారం చార్టు రాయడం మంచి పద్ధతి. వచ్చే వారానిది అప్పటికే గోడ మీద ఉంటుంది. మొదట వీక్లీ ఆఫ్‌లు, మంజూరైన సెలవులు రాసేయాలి. ఒకే పని తెలిసిన ఇద్దరికి ఒకే రోజు ఆఫ్ పడకూడదు. ఆ తర్వాత షిఫ్టులు. రెండో షిఫ్టులో రాత్రి 10కి దిగిన మనిషిని మర్నాడు 6కి పిలవకూడదు. మధ్యలో ఎనిమిది గంటలే, రానూపోనూ ప్రయాణం పోతే నిద్ర ఐదు గంటలు కూడా ఉండదు. షిఫ్టు మార్పు ఆఫ్ రోజు తర్వాతే జరిగేలా, ఉదయం నుంచి మధ్యాహ్నానికి, మధ్యాహ్నం నుంచి రాత్రికి ముందుకే తిరిగేలా రాస్తే శరీరం తట్టుకుంటుంది.

అప్పుడు ఒక్కో పనికి రోజుకు ఎన్ని గంటలు చేతిలో ఉన్నాయో తేలుతుంది. కటింగ్ ఇన్ని, మడత ఇన్ని, కుట్టు ఇన్ని. ఆ గంటల్లో 80 శాతమే వాడుకోవాలి. జాబులను డెలివరీ తేదీ నుంచి వెనక్కి పేర్చుకుంటూ రావాలి, ముందు ట్రిమ్మింగ్, బైండింగ్ గంటలు పట్టించి, ఆరే సమయం వదిలి, అప్పుడు ప్రింటింగ్. ప్రింటింగ్ వరుస లోపల లేత, ముదురు, పల్చన, మందం అనే సర్దుబాటు. రేపటి వరుసను ఈరోజు సాయంత్రం 4కి ముగించి, కటింగ్ మాస్టర్ చేతికి ఇవ్వాలి. ఆ తర్వాత మార్పు కావాలంటే, ఏ జాబ్ వెనక్కి పోతుందో దాని కస్టమర్‌కు ఫోన్ చేసి చెప్పేవాళ్లే ఆ మార్పు అడగాలి.

ఇంత రాశాక కూడా ఉదయం 6కి ఆపరేటర్ రాని రోజు వస్తుంది. ఆ రోజు మొదట చూడవలసింది, నేర్చుకుంటున్న రెండో మనిషి ఆ షిఫ్టులో ఉన్నాడా అన్నది. ఉంటే వరుసలో అన్నింటికన్నా తేలికైన జాబ్‌ను, అంటే ఒకే రంగు మ్యాప్‌లిథో పనిని ముందుకు తెచ్చి అతనికి ఇవ్వాలి, కష్టమైన ఆర్ట్ పేపర్ పనిని మధ్యాహ్నం షిఫ్టుకు జరపాలి. లేకపోతే మెషిన్ ఆపి, ఆ షిఫ్టు హెల్పర్లను నిన్న రాత్రి దిగిన ఫారాల మడతకు పంపాలి. రాత్రి 10కి ఇంటికెళ్లిన ఆపరేటర్‌కు ఫోన్ చేయడం చివరి మార్గం. ఆ ఫోన్ చేస్తే మాత్రం ఆరోజు సాయంత్రం అతనికి సెలవు, దానికి బదులుగా వెనక్కి జరిగే జాబ్ పేరు అప్పటికప్పుడే బోర్డు మీద రాయాలి.